యాదగిరి బాటలో మొలవని జొన్న

దేశంలో సగం మందికి జ్వరం తగ్గించింది మా నాయనమ్మ సత్తెమ్మ. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఇన్ని మందుల కంపెనీలున్నాయి. వాటిలో తయారైన బిళ్ళలు ఎన్ని కోట్ల మంది మింగి లేచి కూర్చున్నారో లెక్క లేదు. ఆ బిళ్ళలు చేసిన చేతులు టయానికి గేటు దాటాలంటే ముందు కాళ్లు నడవాలి కదా. ఆ కాళ్లకు దారి చేసింది మా అవ్వ. ఆవిడకు జ్వరమొస్తే మాత్రం ఒక్క బిళ్ళ వేసుకోదు. మిరియాల చారు తాగి, దుప్పటి కప్పుకుని, మమ్మల్ని తిడుతూ పడుకుంటుంది.

ఆ దారి పేరు యాదగిరి బాట. ఇస్నాపూర్‌లో హైవే దిగి కంపెనీల వైపు తిరిగితే వస్తుంది. యాదగిరి మా తాత. చనిపోయి పదకొండేళ్లయింది. ఆ పేరుతో బోర్డు లేదు, ఏ కాగితంలోనూ లేదు. అయినా షేర్ ఆటోవాళ్లు అదే అంటారు, పార్సిళ్లు తెచ్చేవాళ్లు అదే అంటారు. మా రేకుల గదుల్లో కిరాయికి ఉండే ఒడిశా అతను ఫోన్‌లో వాళ్లమ్మకు వాళ్ల భాషలో ఏదో చెబుతూ మధ్యలో "యాద్‌గిరీ బాట్" అనడం నా చెవులారా విన్నాను. తాత బతికుండగా పక్క ఊరికి కూడా ఆయన పేరు తెలియదు. ఇప్పుడు ఒడిశా దాకా వెళ్లింది.

ఊరు మున్సిపాలిటీ అయ్యాక రోడ్లన్నిటికీ నీలం బోర్డులు పెడతామన్నారు. ఆ మాట వినగానే బాట చివర కొత్తగా లేచిన అపార్టుమెంటు సంఘం వాళ్లు దరఖాస్తు పెట్టారు. యాదగిరి బాట అంటే పల్లెటూరిలా ఉందట, గ్రీన్ వ్యాలీ రోడ్డు అని మార్చాలట. అక్కడ లోయా లేదు, పచ్చదనమూ లేదు. లారీలు లేపే దుమ్ముకు వేపచెట్టు ఆకులు కూడా బూడిద రంగులో ఉంటాయి. ఏదైనా అభ్యంతరం ఉంటే పదిహేను రోజుల్లో చెప్పాలని, పాత పేరు ఎలా వచ్చిందో తెలిసిన పెద్దవాళ్లెవరైనా వార్డు ఆఫీసుకు వచ్చి చెప్పాలని నోటీసు అంటించారు. ఎవరూ రాకపోతే పేరు పోయినట్టే.

మా బాపు ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. షిఫ్టు దిగి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా, దరఖాస్తు రాయమని నా ముందు కూర్చున్నాడు. "మా తండ్రిగారైన యాదగిరి గారు ప్రజల సౌకర్యార్థం తమ సొంత భూమిని దానముగా ఇచ్చినందున" అని ఆయన చెబుతుంటే నేను రాశాను. ఇంటర్ రెండో ఏడు సగంలో మానేసినదాన్ని. ఆ 'సౌకర్యార్థం' రాయడానికి మూడు కాగితాలు చింపాల్సి వచ్చింది.

అవ్వ అప్పుడు గదులవాళ్ల డ్రమ్ములకు నల్లా నీళ్లు పట్టిస్తోంది. పైపు చేతిలో పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది.

"ఏం రాసిన్రే?"

చదివి వినిపించాను. దానం అనే మాట దగ్గర ఆపింది.

"దానమా? మీ తాత? కుక్కకు రొట్టె ముక్క ఏస్తే అది ఏడికి పట్కపోయి తింటదో సూసొచ్చేటోడు."

"అమ్మా, నువ్వు జెర ఊకో," అన్నాడు బాపు. "గట్ల రాస్తేనే బలం ఉంటది. నువ్వు ఆఫీసుకు ఒచ్చి అదే చెప్పాలె. నీకంటే ముసలోళ్ళు ఇంకెవ్వలున్నరు?"

అవ్వ పైపును ఇంకో డ్రమ్ములోకి మార్చింది. డెబ్బై ఆరేళ్లావిడ. మోకాళ్లు వంగవు, వంగితే లేవవు. రుద్రారం నుంచి పద్నాలుగేళ్లకు కోడలై వచ్చినప్పుడు ఈ ఇంటికి రెండున్నర ఎకరాల నల్లరేగడి ఉండేది. అది ముక్కలు ముక్కలుగా పోయింది. ఆ తర్వాత పదహారేళ్లు ఓ కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోమింది. ఇప్పుడు నాలుగు రేకుల గదులు, వాటిలో పదకొండు మంది, ఒక నల్లా. పొద్దస్తమానం "అరే బాబూ, పానీ బంద్ కరో" అని అరుస్తూ తిరుగుతుంది. ఆవిడ ఊరికే కూర్చుని ఉండగా నేను చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఒస్త తియ్," అంది చివరికి. "భూమి పాయె, ఎడ్లు పాయె, మనిషే పాయె. ఇగ ఆయన పేరొక్కటి ఉన్నది. అదన్న ఉండనీ."

ఆ మాట అన్నాక నాకు కుతూహలం పట్టుకుంది. దానం చేయని మనిషి పేరు రోడ్డుకు ఎలా వచ్చింది? ముందు పక్కింటి ముత్యమ్మను అడిగాను. ముత్యమ్మ వయసులో ఉన్నప్పుడు ఒక మందుల కంపెనీలో బిళ్ళలు డబ్బాల్లో పెట్టే పని చేసింది. దానం మాట వినగానే కాలు చాచి తన మడమ నా ముఖం ముందు పెట్టింది.

"సూడు బిడ్డా. ఇది మీ తాత చేసిన దానం."

మడమ మధ్యలో పప్పుగింజంత నల్లటి మచ్చ ఉంది.

అప్పట్లో కంపెనీలకు సరైన రోడ్డు లేదట. చుట్టూ తిరిగి పోతే గంట నడక. మా చేను మీద అడ్డంగా పడి పోతే పావుగంట. షిఫ్టుకు ఆలస్యమైతే గేటు దగ్గర వెనక్కి పంపేవారు కాబట్టి అందరూ మా చేనే తొక్కేవారు. తాత రోజూ పొద్దున్నే లేచి తుమ్మకంప కొట్టి అడ్డం వేసేవాడు. వాళ్లు దాన్ని జరిపి పోయేవారు. అప్పుడాయన కంపను చిన్న చిన్న ముక్కలుగా నరికి మట్టిలో కలిపేశాడు.

"యాదగిరి ముళ్ళబాట అనేటోళ్ళం," అంది ముత్యమ్మ. "రోజు ఆయన్ని తిట్టుకుంటనే నడిచేది. కొన్నేండ్లకు ముళ్ళు పోయినయి, పేరుల గూడ ముళ్ళు పోయినయి."

"ఎందుకు పోయినయి?"

"గదేమో తెల్వది. మీ అవ్వనడుగు. నా కాళ్ళ ముల్లు తీసింది ఆమెనే, సల్లగుండ."

అవ్వను అడిగితే రెండు రోజులు పని ఉందంది. మూడో రోజు మధ్యాహ్నం గదుల ముందు పాచి కడిగి వచ్చి, బకెట్లో వేడినీళ్లు, ఉప్పు వేసి కాళ్లు పెట్టుకుంది. కాళ్లు బకెట్లో ఉన్నాయి కాబట్టి పారిపోలేదు. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"ముళ్ళు తాత ఎందుకు తీసిండు అవ్వా?"

"నువ్వు నన్ను ఇడిసిపెట్టవు గదా."

"ఇడువ."

అవ్వ నీళ్లలో కాళ్లు కాసేపు ఆడించింది.

"పొద్దుగాల మీ తాత ముళ్ళేసి పోవుడు, ఒక్కొక్కరు కుంటుకుంట నా తానికి ఒచ్చుడు. నేను పిన్నీసు పట్కొని కూసునుడు. ఇగ నాకు అదే పనైంది. కలుపు ఎప్పుడు తియ్యాలె, వంట ఎప్పుడు చెయ్యాలె? ముత్యమ్మ కాలు చీము పట్టింది. తొమ్మిది దినాలు పనికి పోలే. పదో నాడు పోతే ఆమె జాగల ఇంకొకామె ఉన్నది. వాపస్ ఒచ్చి మా గడపల కూసున్నది. ఏడ్వలే, తిట్టలే, ఉత్తగనే కూసున్నది. నాకది పడలే."

"తాతకు చెప్పలేదా?"

"చెప్పిన. ఇది నీ అయ్య చేనా అన్నడు."

"మరి?"

"మరేమున్నది. పిడికిలి మూసిన."

నాకు అర్థం కాలేదు. అవ్వ విసుక్కుంటూ వివరంగా చెప్పింది. ఆ రోజుల్లో జొన్న వేయాలంటే మగమనిషి ముందు నాగలి తోలేవాడు. ఆడమనిషి వెనక నడుస్తూ, ఒడిలోని గింజలు పిడికిట్లోకి తీసుకుని సాలులో వదిలేది. విత్తనం ఆడవాళ్ల చేతి మీదుగానే పడాలని మావాళ్ల పట్టింపు. ముందున్న మనిషి ఎడ్లను చూస్తాడు, సాలు వంకర పోకుండా చూస్తాడు. వెనక గింజ పడిందా లేదా అని చూడడు. అది ఆయన పని కాదు.

"ఎడమ దిక్కు కరెంటు స్తంభం, కుడి దిక్కు కంపెనీ పొగగొట్టం. ఆ రెండిట్ల నడుమకు రాంగనే పిడికిలి మూసేది. నాలుగు అడుగులు ఏసినంక తెరిచేది. సాలు సాలుకు గంతే."

"తాత ఒక్కపాలి గూడ ఎనుకకు సూడలేదా?"

"ఎనుకకు సూసేటోడే అయితే నా బతుకు ఇంకో తీరుగ ఉండేది."

నవ్వుతూ నేను కింద పడబోయాను. అవ్వ నవ్వలేదు.

జొన్న మొలిచింది. చేనంతా పచ్చగా లేచింది. మధ్యలో మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, దారం పట్టి గీసినట్టు, నాలుగడుగుల వెడల్పున ఒక్క మొలక లేదు. తాత వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుని పొద్దు గూకేదాకా నిలబడ్డాడట. విత్తనం తప్పు అనుకుందామంటే రెండు పక్కలా అదే విత్తనం. తొక్కారనుకుందామంటే నలిగిన మొలక ఒక్కటైనా కనబడాలి. పిట్టలు తిన్నాయనుకుందామంటే పిట్టలు అంత తిన్నగా తినవు. అవ్వ ఆయనకు పక్కనే నిలబడి, అయ్యో ఏమైంది అంది.

"మిగిలిన గింజలు ఏం జేసినవ్?"

"రొట్టెలు జేసిన. ఎవ్వలు తిన్నరనుకుంటున్నవ్? మీ తాతనే."

రెండో ఏడు ఆరడుగులు వదిలింది. ఎందుకంటే ఆడపిల్లలు ఇద్దరిద్దరు మాట్లాడుకుంటూ నడుస్తారు కదా అంది. గవర్నమెంటు కంటే ముందే మా అవ్వ రోడ్డు వెడల్పు చేసిందన్నమాట. తాత ఈసారి ఆ జాగాలో మట్టి తీసి గుడ్డలో మూట కట్టుకుని పటాన్‌చెరు పోయి, వ్యవసాయం తెలిసిన ఒక ఆఫీసరుకు చూపించాడు. మట్టి బంగారంలాగా ఉంది, దేనికీ లోటు లేదు అన్నాడాయన. తాత నమ్మలేదు. దారంతా ఆలోచించుకుని, ఇంటికి వచ్చేసరికి సంగతి తనే తేల్చేశాడు. కంపెనీలో నేల మీద పడ్డ మందు వీళ్ల కాళ్లకు అంటుకుంటోంది, నడిచి నడిచి ఆ మందు నా మట్టికి పట్టింది, ఇక అక్కడ ఏదీ మొలవదు. అది ఆయన నిర్ణయం. కంపెనీల పక్కన భూమి ఉన్నవాడు ఇంకేం అనుకుంటాడు? అప్పటికే రెండు బావుల్లో నీళ్ల రంగు మారింది. మట్టికి కూడా ఏదో అయిందంటే ఎవరూ కాదనలేదు.

మూడో ఏడు తాత ముళ్లు వేయలేదు, ఉన్నవి కూడా ఏరి పారేశాడు. ఎట్లాగూ మొలవదు, నడవనీ అన్నాడు. పైగా పొద్దున్నే గట్టు మీద నిలబడి, "గా బాట మీదికెళ్ళి పోండ్రి, పక్కల పంట తొక్కకుండ్రి" అని అందరికీ చెప్పేవాడట. వానకు బురదైతే రెండు బండ్లు మొరం, గులకరాళ్ల ఎర్రమట్టి, తెచ్చి పోయించాడు కూడా. ఇంకొన్నేళ్లకు వ్యవసాయం గిట్టక ఆయనే ఒక కంపెనీలో బస్తాలెత్తే పనికి కుదిరాడు. తన చేను మీదుగా, ఆ బాటనే, పదిహేడేళ్లు నడిచాడు.

నా చిన్నప్పుడు తాత పని నుంచి వచ్చి గడప బయటే చాలాసేపు కాళ్లు కడుక్కునేవాడు. వేళ్ల సందులు కూడా రాయితో రుద్దేవాడు. ఎంత శుభ్రమైన మనిషో అనుకునేదాన్ని. ఆ మట్టిలోని మందు ఇంట్లోకి రాకూడదని కడిగేవాడని ఇప్పుడు తెలిసింది.

"మంచి మట్టి," అంది అవ్వ. బకెట్లో నీళ్లు చల్లారిపోయాయి. "సచ్చేదాంక దాన్ని తిట్టిండు. నాకు నోటిదాంక ఒచ్చేది. చెప్తే కొడతడని మొదట చెప్పలే. ఇగ తర్వాత తర్వాత, కొట్టే ఓపిక ఆయనకు లేదు, చెప్పే ఓపిక నాకు లేకుంటైంది."

తెల్లారి వార్డు ఆఫీసుకు వెళ్లాం. అవ్వ, బాపు, నేను. దారిలోనే నేను నిర్ణయించుకున్నాను: అవ్వ చెప్పకపోతే నేనే చెప్పేస్తాను, బోర్డు మీద సత్తెమ్మ బాట అని రాయిస్తాను.

సంఘం తరఫున దుర్గాప్రసాద్ గారు వచ్చారు. భీమవరం వైపు మనిషి. కుర్రతనంలో రెండేళ్లు ఇక్కడి ఒక మందుల కంపెనీలో చేసి, తర్వాత ప్రభుత్వ ప్లాంటులోకి మారి, రిటైరై ఇక్కడే ఫ్లాటు కొనుక్కున్నారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. ఆఫీసరమ్మ మా దరఖాస్తు పైకి చదవగానే ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"దానం ఏంటండీ? నేను ఆ చేను మీద నడిచినవాణ్ణి. పెద్దాయన ముళ్లు వేసేవాడండీ. ముక్కలు చేసి మరీ వేసేవాడు. అలాంటాయన రోడ్డుకు భూమి ఇచ్చాడని రాస్తే, అబద్ధానికి బోర్డు పెట్టినట్టు కాదూ?"

బాపు ముఖం పాలిపోయింది. ఆఫీసరమ్మ అవ్వ వైపు తిరిగింది. "ఏమ్మా, నిజమేనా?"

అవ్వ దుర్గాప్రసాద్ గారి కాళ్ల వైపు చూసింది.

"ఏసిండు. రెండేండ్లు ఏసిండు. నీకెన్ని గుచ్చుకున్నయి అయ్యా?"

"బోలెడండీ. ఒకటి విరిగి లోపలే ఉండిపోతే ఎవరో తల్లి పిన్నీసుతో..." ఆయన మాట ఆపి అవ్వను పరీక్షగా చూశారు. "మీరేనా?"

"ఏమో. ఎన్ని కాళ్ళని యాది పెట్టుకుంట." అవ్వ ఆఫీసరమ్మతో అంది, "బిడ్డా, గా దానం అన్న మాట కొట్టెయ్. మేం ఇయ్యలే. గని పేరు గూడ మేం పెట్టలే. గీ సారు అసుంటోళ్ళే తిట్టుకుంట తిట్టుకుంట పెట్టిన్రు."

"అమ్మా!" అన్నాడు బాపు. అవ్వ వినిపించుకోలేదు.

ఆఫీసరమ్మ పెన్ను ఆపింది. "దానం ఇవ్వలేదు, ముళ్లు వేశాడు. మరి ఆయన పేరే ఎందుకు ఉంచాలి? ఏం రాయమంటారు నన్ను?"

ఇదే సమయం అనుకుని నోరు తెరిచాను. బల్ల కింద అవ్వ నా తొడ పట్టుకుని గిల్లింది. పద్నాలుగో ఏట నుంచి పనిచేస్తున్న వేళ్లవి. కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మూసుకున్నాను.

"ఏసిన చేతులతోనే తీసిండు," అంది అవ్వ. "ఎవ్వలు పోలీసు కేసు పెట్టలే, ఎవ్వలు కాళ్ళు మొక్కలే. తీసి, మొరం పోసి, పోండ్రని చెప్పిండు. గది రాయి. ఉన్నదే రాయి."

దుర్గాప్రసాద్ గారు ఫైలు మూశారు.

"మొరం పోయించిన మాట నిజమేనండీ," అన్నారు. "ఆ వానాకాలం చెప్పులు చేత్తో పట్టుకోకుండా షిఫ్టుకు వెళ్లాం." తర్వాత, "మా గేటు లోపలి వీధికి పెట్టుకుంటాంలెండి ఆ గ్రీన్ వ్యాలీ. దీన్నిలాగే ఉంచేయండి," అని సంతకం పెట్టారు. ఆఫీసరమ్మ మా దరఖాస్తులో దానం మీద గీత కొట్టి, అవ్వ చెప్పింది పక్కన రాసుకుని, అవ్వతో వేలిముద్ర వేయించుకుంది.

బాపు షిఫ్టుకు టయమైందని అటు నుంచి అటే వెళ్లిపోయాడు. నేనూ అవ్వా బాట మీద నడిచి వస్తుంటే సగం దారిలో ఆవిడ ఇక నావల్ల కాదని కల్వర్టు మీద కూలబడింది. మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకు పోయేవాళ్లు మమ్మల్ని దాటుకుంటూ గుంపులుగా పోతున్నారు. బిహారీ పిల్లలు, పాలమూరు ఆడవాళ్లు, మెడలో కార్డులు. లారీ వచ్చినప్పుడల్లా అందరూ ఒక పక్కకు జరిగి మళ్లీ నడుస్తున్నారు.

"ఎందుకు చెప్పనియ్యలే?" అన్నాను. తొడ ఇంకా మండుతోంది. "బోర్డు మీద నీ పేరు ఉండేది. చేసింది నువ్వు."

"మట్టి చెడిపోయిందని నమ్మిండు, నమ్మే ముళ్ళు తీసిండు. ఇప్పుడు పోయి నలుగుట్ల ఆయన్ని ఎర్రోన్ని జెయ్యాల్నా? సాలు సాలుకు పెండ్లం మోసం జేస్తే సూసుకోలే అని నవ్వరా?"

"రోడ్డు మీద నీ పేరు ఉంటే నీకు ఇష్టం లేదా?"

"నా పేరు నాకెందుకే. పిలిచేటోళ్ళు ఉన్నరు గదా, పొద్దంత పిలుస్తనే ఉన్నరు. పానీ పానీ అని."

కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండలో ఆవిడ ముఖం బాగా వడలిపోయి ఉంది. ఇంకేమీ అడగకూడదని అనిపించింది కానీ నా నోరు ఊరుకోదు.

"అవ్వా, బోర్డు మీద ఒద్దంటే ఒద్దు. నేనే ఒక కాగితం మీద ఇదంత రాసి పెడత. పిడికిలి సంగతి గూడ. ఏమంటవ్? తాత బాధపడ్తడా?"

అవ్వ లేవడానికి నా భుజం మీద చెయ్యి వేసింది. బరువంతా వేసి లేచింది.

"రాసుకో పో. మీ తాతకు సదువు రాదు."